మురై ప్రకారం డౌన్‌లోడు

అరవైకి దగ్గరపడుతున్న మనిషి కంప్యూటర్లో ట్రాక్టరు తోలే ఆట ఆడుతున్నాడంటే వినేవాళ్ళకు నవ్వు, చెప్పుకునేవాడికి సిగ్గు. ఆ సిగ్గును నేను చాలాకాలం బాగానే దాచుకున్నాను. ఎవరైనా గడప తొక్కితే చాలు, తెర మీద వార్తలు పెట్టేసేవాణ్ణి. దాని వెనకాలే ఇంకో సిగ్గు వచ్చింది. అది దాచుకోవడానికి వీల్లేనిది. దాన్ని మా అన్న ఎదురుగా కూర్చుని మింగాల్సి వచ్చింది.

కోయంబత్తూరు నుంచి పొల్లాచ్చి వెళ్ళే దారిలో మా తోట. తోట అంటే ఇప్పుడు రెండిళ్ళు, వాటి మధ్య ఒక వాకిలి, వాకిలి చివర బావి, బావి చుట్టూ మిగిలిన కొబ్బరిచెట్లు. తూర్పు ఇల్లు అన్నది, పడమటిల్లు నాది. మా పెద్దలు ఏ కాలంలోనో ఉత్తరం నుంచి దిగివచ్చి ఇక్కడి నేల దున్నుకున్నారు. బడి చదువు తమిళం, ఇంటి మాట తెలుగు. ఈ అక్షరాలు నేను తల నెరిశాక దిద్దుకున్నవి కాబట్టి ఎక్కడైనా తడబడితే మన్నించండి.

అన్న సేద్యం చూసుకున్నాడు. నేను ఊళ్ళో ఒక లేతు పట్టరై, అదే వర్క్‌షాపు, పెట్టుకుని మోటారు పంపులకు విడిభాగాలు కోశాను. మోకాలికి ఆపరేషన్ అయ్యాక పట్టరై అల్లుడికి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాను. కూర్చోవడం నాకు చేతకాదు. చేతులు ఊరికే ఉంటే నోరు పనిచేస్తుంది, ఆ నోటితో మా ఆవిడకు పడదు. నా బాధ, అంతకన్నా వాళ్ళమ్మ బాధ చూడలేక కూతురు తన పాత కంప్యూటరు తెచ్చి నా గదిలో పెట్టింది. అందులో ఒక గేమింగ్ క్లయింటు వేసి ఇచ్చింది. క్లయింటు అంటే ఆటల అంగడి అనుకోండి. ఆట కొనేది అందులోనే, దింపుకునేది అందులోనే, ఆడేదీ అందులోంచే. కూతురు నాకోసం ఏరికోరి సేద్యం ఆట ఒకటి కొనిపెట్టింది. దున్నవచ్చు, నాటవచ్చు, కోయవచ్చు. వాన అడిగినప్పుడు వస్తుంది. కూలీలు ఎదురు చెప్పరు.

"ఉండిన తోటనంతా సైట్లు చేసి అమ్మేసి, లేని తోటలో దున్నుతుండారు," అంది మా ఆవిడ. ఆ మాట నిజమే కాబట్టి నాకు కోపం వచ్చింది.

ఇక్కడ మా బావి సంగతి చెప్పాలి. బావి ఇద్దరిదీ. మా నాన్న కాలంలో ఆయనకూ మా చిన్నాయనకూ ఎలా ఉండేదో, మా కాలంలో అన్నకూ నాకూ అలాగే మురై ఉండేది. మురై అంటే వంతు. ఒక పగలు వాళ్ళ మోటారు ఆడితే ఇంకో పగలు మాది. ఎక్కడా రాసుకోలేదు. పొద్దు చూసి ఒకరు ఆపితే ఇంకొకరు వేయడమే. మావాళ్ళలో మనిషి తాగుబోతు అనిపించుకున్నా బతకవచ్చు, అప్పు ఎగ్గొట్టినా నాలుగేళ్ళకు మరిచిపోతారు. మురై దొంగ అనిపించుకుంటే మాత్రం ఆ ఇంటికి పిల్లను ఇవ్వడానికి కూడా వెనకాడతారు. పక్కవాడి వంతులో నీళ్ళు తోడుకున్నవాడు వాడి పైరు గొంతు నులిమినట్టే అని మా నాన్న అనేవాడు.

ఒక ఏడు వానలు తప్పి ఊట బాగా తగ్గిపోయింది. అప్పట్లో నేను కూడా పట్టరై చూసుకుంటూనే తోటలో కొంచెం పసుపు వేసి ఉన్నాను. దుంప ఊరే సమయానికి ఆకు మాడుతోంది. ఆ రోజు అన్న మురై. మడవ దగ్గర నిలబడి నా పసుపు వైపు చూసి, వెళ్ళి తన మోటారు ఆపేశాడు. "చిన్నోడా, నీ మురై. తీసుకో," అన్నాడు. నాది కాదని ఇద్దరికీ తెలుసు. నేను తీసుకున్నాను. ఆయన తక్కాళి తోట, అదే టమాటా, ఆ వారం సగం ఎండిపోయింది.

అందుకని, ఇంటర్నెట్టు లైను వచ్చినప్పుడు మాకు వేరే ఆలోచనే రాలేదు. లైను ఒకటే, పెట్టె అన్న ఇంట్లో. అక్కడి నుంచి ఒక తీగ వాకిలి మీదుగా కొబ్బరిచెట్టుకు కట్టి నా గదిలోకి లాక్కున్నాం. ఎందరైనా ఒకేసారి వాడుకోవచ్చని కంపెనీ మనిషి చెప్పాడు. మేం తలలూపాం. అతను వెళ్ళిపోయాక మురై పెట్టుకున్నాం. పగలంతా వాళ్ళది, దీపం పెట్టాక మాది. పట్నంవాళ్ళు విన్నారంటే పడీపడీ నవ్వుతారు. మాకు మాత్రం ఒక మూల నుంచి రెండిళ్ళకు వచ్చేది ఏదైనా బావే.

అన్నకు మాట పోయింది పోయినేడు. ఒట్టన్‌చత్రం మార్కెట్టులో, కౌలు చేలో పండించిన తక్కాళి బుట్టలు దింపిస్తూ, కమీషన్ మండీ మనిషికి ఏదో చెప్పబోయి ఆగిపోయాడట. నోరు కదులుతోంది, మాట రాలేదు. కుడిచెయ్యి జారిపోయింది. ప్రాణం దక్కింది, కాలు కొంత వచ్చింది, చెయ్యి కొంత వచ్చింది. మాటే రాలేదు. అన్నీ అర్థమవుతాయి, అడిగితే తలూపుతాడు, ఏడిస్తే కన్నీళ్ళు వస్తాయి. ఊరి పంచాయితీల్లో గంటసేపు నిలబడి న్యాయం చెప్పిన మనిషి మంచినీళ్ళు కావాలని వేలితో చూపించాల్సి వచ్చింది.

మాటలు మళ్ళీ నేర్పే టీచరు ఒకామె మదురైలో దొరికింది. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక లైనులో వీడియో క్లాసు. ఆమె తెర మీద తన నోరు దగ్గరగా చూపిస్తుంది. పెదవులు ఎలా కలుస్తున్నాయో, నాలుక ఎక్కడ ఆనుతుందో చూసి అన్న అలా పెట్టాలి. చూడకపోతే రాదు, వింటే చాలదు. మొదటి ఏడాదిలో ఎంత వస్తే అంత, ఆ తర్వాత కష్టమని డాక్టరు ముందే చెప్పాడు. ఆమె తమిళంలో అడిగితే అన్నకు తెలుగు మాట వచ్చేది. "తణ్ణి" చెప్పమంటే "నీళ్ళు" అనేవాడు. వదిన పక్కన కూర్చుని ఇది మా ఇంటి భాష అని ఆమెకు చెప్పేది. ఏ భాషైతే ఏం, రానివ్వండి అందట ఆ అమ్మాయి.

నీళ్ళు వచ్చాయి, కాఫీ వచ్చింది. ఒక ఉదయం నేను పళ్ళు తోముకుంటుంటే వాకిలి అవతలి నుంచి "చి... చిన్నోడా" అని వినబడింది. బ్రష్ నోట్లో పెట్టుకునే ఏడ్చాను. మా ఆవిడ కూడా ఏడ్చి, ఆ తర్వాత నన్ను చూసి నవ్వింది.

ఆటలో కొత్త భాగం వచ్చింది ఆ రోజుల్లోనే. అందులో వరిమళ్ళు ఉన్నాయట, ఎద్దులు కూడా ఉన్నాయట. కూతురితో ఫోనులో చెప్పి కొనిపించుకున్నాను. చాలా పెద్దది. నా మురై రాగానే డౌన్‌లోడు మొదలుపెట్టి తెర ముందు కూర్చున్నాను.

క్లయింటులో డౌన్‌లోడు పేజీ అని ఒకటి ఉంటుంది. ఎంత వేగంగా దిగుతోందో నీలం గీతలు పైకీ కిందికీ ఆడుతూ చూపిస్తాయి. నాకు ఆటకన్నా ఆ గీతలే ఎక్కువ నచ్చాయి. పంపు పరీక్షించే ముల్లు చూడటం అలవాటైన కన్ను కదా. మొదట గీత బాగా లేచింది. తర్వాత ధబీమని సున్నా. కాసేపటికి మళ్ళీ లేచింది, మళ్ళీ సున్నా. చివరికి ఎర్ర అక్షరాల్లో డిస్కు మీద రాయడంలో తప్పు అని ఏదో వచ్చి, ఎక్కినదంతా కొంత వెనక్కి జారింది.

పంపు మెకానిక్కుకు ఇది చూడగానే ఏమనిపిస్తుంది? ఊట చాలడం లేదు, ఎవరో పక్కన తోడుతున్నారు.

అయినా నేను అన్యాయస్థుణ్ణి కాను, ముందు నా వైపు మరమ్మతు చూద్దామనుకున్నాను. తమిళంలో ఒక కుర్రాడు వీడియోలు పెడతాడు, వాడు చెప్పినవన్నీ చేశాను. క్లయింటు మూసి తెరిచాను. డౌన్‌లోడు కాష్ తుడిచేశాను. అది చేయగానే పాస్‌వర్డు అడిగింది, అది నాకు గుర్తులేదు, కూతురు ఆఫీసులో ఉంది, ఒక సాయంత్రం దానికే పోయింది. ఏ ఊరి సర్వరు నుంచి దింపుకోవాలో మార్చుకోవచ్చట. చెన్నై మార్చి ముంబై పెట్టాను, ముంబై మార్చి సింగపూరు పెట్టాను. ఏ ఊరు పెట్టినా అదే సున్నా. వైరస్సులను ఆపే ప్రోగ్రాముకు ఈ ఆట మనవాళ్ళదే, పోనివ్వమని చెప్పాను. వేగానికి హద్దు పెట్టి చూశాను, హద్దు తీసి చూశాను.

లైను పెట్టె ఒకసారి ఆపి వెయ్యమన్నాడు ఆ కుర్రాడు. పెట్టె అన్న ఇంట్లో. సాయంత్రానికి తాజాగా ఉంటుందని మధ్యాహ్నమే కిటికీలోంచి కేక వేశాను. "వదినా, ఆ పెట్టె ఒకతూరి ఆపి వెయ్యండి!"

"అన్నకు క్లాసు జరుగుతుండాది తంబీ. కొంచేం ఉంటే..."

"నిమిషం పనే వదినా!"

వదిన ఆపి వేసింది. నిమిషం అన్నది నేను. పెట్టె మళ్ళీ ప్రాణం పోసుకుని మదురైని పట్టుకునేసరికి అన్న లేచి మంచం మీదికి వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. అలా ఒకసారి కాదు, చాలాసార్లు చేయించాను.

ఇంకొకటి చేశాను. అది నా వృత్తి వల్ల వచ్చిన తెలివి. కంప్యూటరు ఎప్పుడూ ఆపేవాణ్ణి కాదు. బావి మీది పంపు ఆపితే గొట్టంలో నీళ్ళు కిందికి దిగిపోతాయి, మళ్ళీ వేయాలంటే పైనుంచి బిందెతో పోసి, గాలి తీసి, నానా అవస్థ. ఇదీ అంతే అనుకున్నాను. ఆపేస్తే దిగినదంతా బావిలో పడిపోతుంది, మొదటికి వస్తుంది. కాబట్టి నా మురై అయిపోగానే క్లయింటు కిటికీని మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసేవాణ్ణి. వాల్వు కట్టేసినట్టు. మోటారుకు మాత్రం ప్రాణం ఉండనిచ్చి, తెర ఒక్కటి ఆపి పడుకునేవాణ్ణి. ఇంత నిక్కచ్చిగా మురై పాటించే మనిషి ఇంకొకడు ఉండడని నామీద నాకే గౌరవం.

ఆ రోజుల్లో ఒకసారి వదిన బావి దగ్గర కనబడింది. మనిషి చిక్కిపోయింది. "అన్న ఎట్లుండాడు వదినా?" అన్నాను.

"మాటలు నిలిచిపోయినాయి తంబీ. రెండు నెలలుగా కొత్తది ఒకటీ లేదు. వచ్చినవి కూడా పోతుండాయి. క్లాసుకు కూర్చోమంటే దిండు విసిరేస్తుండారు. అలిసిపోయినారేమో."

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పి బాధపడ్డాను. బాధపడి, దీపం పెట్టే వేళకు వెళ్ళి డౌన్‌లోడు ముందు కూర్చున్నాను. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఆ కాకిని నేనే.

ఆ సాయంత్రమే నా నోరు జారింది. గీత బాగా లేచింది, ఇక అయిపోతుందనుకున్నాను, సున్నాకు పడింది. తల ఎత్తి చూస్తే అవతలి కిటికీలో తెర వెలుగు మినుకుమినుకుమంటోంది. నా మురైలో వాళ్ళ ఇంట్లో ఏదో నడుస్తోంది. మోకాలి నొప్పి కూడా తెలియకుండా వాకిలి దాటాను. అన్న బయట అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. వదిన లోపలి నుంచి చేతిలో ట్యాబు పట్టుకుని వచ్చింది. టీచరు పాత క్లాసులు దాచిపెట్టి పంపిస్తుందట, వాటిని సాయంత్రం అన్నకు మళ్ళీ చూపిస్తోంది. ఆ సంగతి నేను అడగలేదు.

"పగలంతా మీదేగా వదినా? మా మురైలో కూడా మీరే తోడుకుంటే ఎట్లా? ఇన్నేళ్ళు బావి కాడ లేని దొంగతనం ఇప్పుడేంది?"

దొంగతనం అనే మాట నా నోటినుంచి వచ్చింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

అన్న కుర్చీలో ముందుకు వంగాడు. మొహం ఎర్రబడింది. నోరు తెరిచాడు, "మ... మ..." అన్నాడు. పెదవులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి, వెనక మాట లేదు. ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద కొట్టాడు. ఊరందరికీ న్యాయం చెప్పిన నోరు తనమీద పడిన ఒక్క నిందకు జవాబు చెప్పలేకపోయింది. నేను జవాబు చెప్పలేని మనిషి మీద కేసు పెట్టి, జవాబు రాలేదు కాబట్టి గెలిచినట్టు నిలబడ్డాను.

"సరి తంబీ," అంది వదిన మెల్లగా. "ఇంగమేల సంజవేళ మేము ముట్టం." ట్యాబు ఆపేసి, అన్న చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళింది.

మా ఆవిడ అంతా విన్నది. "నోరా వీపుకు తేకే అన్నారు పెద్దోళ్ళు. మీ నోరు వీపుకు తేవడంలే, ఇంటి మీదికి తెస్తుండాది," అంది. అన్నం వడ్డించింది గానీ నాతో కూర్చోలేదు.

మరునాటి సాయంత్రం అవతలి కిటికీ చీకటి. ఆ తర్వాతి సాయంత్రమూ చీకటే. నా గీత మాత్రం లేస్తూనే ఉంది, సున్నాకు పడుతూనే ఉంది. మనిషన్నవాడికి అక్కడైనా బుద్ధి రావాలి. నాకు రాలేదు. పగలు వాళ్ళు ఏదో పెద్దది తోడిపెట్టుకుంటున్నారు, దానివల్లే సాయంత్రానికి ఊట మిగలడం లేదు అనుకున్నాను. పగటిపూట కాపు కాసి పట్టుకుందామని నిర్ణయించుకున్నాను. మా నాన్న అలాగే కాసేవాడు, కొబ్బరిచెట్టు వెనక నిలబడి.

మధ్యాహ్నం భోజనం చేసి, మా ఆవిడ నడుం వాల్చాక, గదిలోకి వెళ్ళి కంప్యూటరు తెర వేశాను. క్లయింటు జోలికి పోలేదు, వాళ్ళ మురై కదా. టాస్క్ మేనేజరు తెరిచాను. కంప్యూటరు లోపల ఏ ప్రోగ్రాము ఎంత తింటోందో చూపించే పట్టిక అది. నెట్‌వర్కు అనే వరస మీద నొక్కితే ఎక్కువ వాడేది పైకి వస్తుందని ఆ వీడియో కుర్రాడే చెప్పాడు. అవతలి ఇంటి లెక్క నా కంప్యూటర్లో కనబడదని కూడా నాకు తోచలేదు చూడండి, అంత ఆవేశం. నొక్కాను.

పైకి వచ్చింది నా క్లయింటే.

మూసేశాను కదా అనుకున్నాను. మూసింది కిటికీ మాత్రమే. కింద మూలన గడియారం పక్కన వేలిగోరంత గుర్తుగా అది కూర్చునే ఉంది. ఇంటూ నొక్కితే అది పక్కకు తప్పుకుంటుందే గానీ ఆగదట. ఆగాలంటే ఆ గుర్తు మీద నొక్కి ఎగ్జిట్ అని చెప్పాలట. నేను కట్టింది వాల్వు కాదు, వాల్వు మీద గుడ్డ కప్పాను. కంప్యూటరు ఆపి ఉంటే అయినా ఆగేది. గొట్టంలో నీళ్ళు దిగిపోతాయని నేనే ఆపనివ్వలేదు.

పక్క వరసలో డిస్కు ఎర్రగా మండుతోంది. కూతురి పాత కంప్యూటరు, దాని డిస్కు ముసలిది. వచ్చినదాన్ని వచ్చినంత వేగంగా రాసుకోలేక ఆగుతోంది. అది ఆగినప్పుడల్లా నా గీత సున్నాకు పడేది. కొంత రాసి, తప్పు రాసి, పారేసి, మళ్ళీ తెప్పించుకునేది. ఊట చక్కగానే ఉంది, చిల్లు నా తొట్టికి. ఆ చిల్లుతొట్టిలోకి పొద్దు పొడిచినప్పటి నుంచి దీపం పెట్టేదాకా, అన్న మురై అంతా, రెండు నెలలుగా తోడిపోస్తున్నాను.

రెండు నెలలు అనుకోగానే వదిన మాట గుర్తొచ్చింది. రెండు నెలలుగా కొత్తది ఒకటీ లేదు.

ఎగ్జిట్ నొక్కేదాకా కూడా ఆగలేదు. వంగి, గోడకున్న ప్లగ్గు పీకేశాను. ఫ్యాను చప్పుడు నిలిచిపోయింది. ఆ నిశ్శబ్దంలో, వాకిలి అవతలి నుంచి, ఆడపిల్ల గొంతు మెల్లగా తేలివచ్చింది. "సొల్లుంగ అయ్యా... సొల్లుంగ." చెప్పండి అయ్యా, చెప్పండి అంటోంది. గొంతు తెగలేదు, ఆగలేదు. తర్వాత అన్న గొంతు, గరగరమంటూ ఏదో అనబోవడం వినబడింది.

బావి దగ్గర పక్కవాడి పైరు గొంతు నులమడం అని మా నాన్న అన్నది మాటవరసకు. నేను నిజంగానే గొంతు నులిమాను. అదీ ఎవరిది? తన తోట ఎండగట్టుకుని నా పసుపు తడిపినవాడిది. వరిమళ్ళూ ఎద్దులూ ఉన్న ఆట కోసం. ఆపైన దొంగ అన్నాను.

గది బయట మా ఆవిడ నిలబడి ఉంది. "ఏమయింది మొకం అట్లుండాది?"

"నేనే," అన్నాను.

"ఏంది మీరే?"

"తోడింది నేనే. పగలంతా. అన్న క్లాసు పాడయింది నావల్లే."

తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. "పోయి చెప్పేసి రాండి," అంది. "నేను రాను. మీరు ఒక్కరే పోండి."

ఆ వాకిలి చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు దాటానో. ఆ మధ్యాహ్నం మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా, ఎండలో కాళ్ళు కాలుతుంటే, కాలితే కాలనివ్వు అనుకుంటూ నడిచాను. గుమ్మం దగ్గర ఆగిపోయాను. అన్న కుర్చీలో, ఎదురుగా బల్ల మీద ట్యాబు, తెర నిండా టీచరు మొహం. వదిన నన్ను చూసి లేచింది. నిన్నగాక మొన్న దొంగ అన్నవాణ్ణి చూసి ఆమె మొహంలో కోపం వెతికాను. లేదు. పైగా సంతోషంగా ఉంది.

"రా తంబీ, చూడు, ఈ పొద్దు టీచరు మొకం నిలవడంలే," అంది గుసగుసగా. "ఇన్నినాళ్ళూ గడియకొకసారి బొమ్మ మాదిరి నిలిచిపోయేది. ఆయమ్మ నోరు కనబడకుంటే ఈయన ఎట్ల సొల్లేది? అందుకే కోపమొచ్చి దిండు విసిరేసేవారు. పాపం, ఈయన మీదనే తప్పు వేస్తిని."

"నాతో ఒక మాట చెప్పకూడదా వదినా?"

"నీతో చెబితే నీమీద తప్పు సొన్నట్టు ఉంటాదని ఊరుకుంటి తంబీ. నువ్వు మురై తప్పేవాడివి కాదు కదా."

అన్న కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. మోకాలు కలుక్కుమంది. టీచరు తెరలోంచి చూస్తోంది, ఎవరో వచ్చారని ఆగింది. ఆగనీ, వింటే విననీ అనుకున్నాను.

"అన్నా, దొంగను నేనే," అన్నాను. "నా మిషిను పగలంతా ఆడుతుండింది. ఆపినాననుకున్నాను, ఆపలేదు. నీ క్లాసు నిలిచింది దానివల్ల. నీ మాటలు నేను తోడేసినాను అన్నా. అది తెలియక నిన్ను అన్నాను."

వదిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న నావైపు తిరిగాడు. అరుగు మీద ఆ సాయంత్రం ఎర్రబడిన మొహమే, ఇప్పుడు ఎర్రగా లేదు. నోరు తెరిచాడు. "మ... మ..." అన్నాడు. ఆ రోజు ఆగిపోయిన చోటే మళ్ళీ ఆగాడు. మాట అందిద్దామని వదిన పెదవి కదిపింది. తెరలోంచి టీచరు వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. అందివ్వకండి, ఆయన్నే తెచ్చుకోనివ్వండి అంది తమిళంలో.

అందరం కాచుకున్నాం. అన్న మెడలో నరం లేచింది.

"ము... మురై," అన్నాడు. గాలి పీల్చుకున్నాడు. ఎడమచెయ్యి ఎత్తి నా ఛాతీ వైపు చూపించాడు. "నీ... మురై. తీ... తీసుకో."

ఆ రోజు అరుగు మీద ఆయన జవాబు చెప్పలేకపోయాడని అనుకున్నాను. ఆయన చెప్పబోయింది జవాబు కాదు. నాకు కావలసింది ఇచ్చేయబోయాడు, ఆ మాట రాలేదు, అంతే.

తెరలో టీచరు మొహం వెలిగిపోయింది. ఏమన్నారు, ఏమన్నారు అని అడిగింది. వదిన ఏడుస్తోంది, చెప్పే స్థితిలో లేదు. ఇంకెవరూ లేరు కాబట్టి నేనే తమిళంలో చెప్పాల్సి వచ్చింది. ఇది నా వంతట, తీసుకోమంటున్నాడు అని. పూర్తి వాక్యం, మొట్టమొదటి వాక్యం అంటూ ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఎవరితో అన్నారు, మీతోనేనా అని అడిగింది. నాతోనే అన్నాను. అయితే మీరు అక్కడే కూర్చోండి, కదలకండి అంది. వచ్చిన వాక్యాన్ని అప్పుడే గట్టిపరచాలట, లేకపోతే జారిపోతుందట. ఆయన మీ కళ్ళలోకి చూసి మళ్ళీ మళ్ళీ అనాలి, అన్నప్పుడల్లా మీరు సరే అని జవాబు చెప్పాలి, అప్పుడే అది మాట అవుతుంది, లేకపోతే చిలకపలుకు అవుతుంది అని చెప్పింది.

నేను తల దించుకున్నాను. తల ఎత్తమంది టీచరు.

"సొల్లుంగ అయ్యా."

"నీ... మురై. తీసుకో."

"సరే అన్నా."

"ఇన్నొరు తడవ, అయ్యా."

"నీ మురై. తీసుకో."

"సరే అన్నా."

ప్రతిసారీ ఆయన మాట కొంచెం కొంచెం తేటపడుతోంది, నాది పూడుకుపోతోంది. క్లాసు అయిపోయేదాకా అన్న నాకు ఇస్తూనే ఉన్నాడు. ఆయనకు మాట రావాలంటే వేరే దారి లేదు. తీసుకుంటూనే ఉన్నాను.